సంచిలోంచి వచ్చిన బి.ఏ.

నేను డిగ్రీలో ఏ గ్రూపు చదవాలో మొదట తేల్చింది ఒక కానుకల సంచి. పొడుగాటి కట్టెకు తగిలించిన ఎర్ర మఖమలు సంచి అది. ఆదివారం ఆరాధనలో దాన్ని వరుస వరుసకూ తిప్పే పని మా నాయనది. ఓర్వకల్లు దగ్గర గుండ్ల కొండ కింద ఉంది మా ఊరు. అక్కడి చర్చి మా తాతలు పుట్టకముందు కట్టింది. ఆ సంఘంలో నాయన ఒక పెద్ద. మిగిలిన ఆరు దినాలూ ఎకరన్నర మెట్ట చేను, అక్కడ పని లేనప్పుడు కూలి.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏ విషయంలోనైనా రెండు మాటలు వచ్చి ఎటూ తెగకపోతే, ఆరాధన అయినాక రెండు చీటీలు రాసి ఆ సంచిలో వేస్తారు. ప్రార్థన చేస్తారు. సంఘంలో అందరికన్నా వయసు మళ్ళిన ముసలామె చెయ్యి పెట్టి ఒకటి తీస్తుంది. వచ్చిందే దేవుని మాట. ఎవరూ దాటకూడదు. పెద్దల్లో ఎవరైనా దాటితే ఒక సంవత్సరం పాటు సంచి పట్టడానికి లేదు. చర్చికి రేకులు వేయాలా స్లాబు పోయాలా అన్నది అట్లే తేలింది. క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం ఎవరికివ్వాలన్నదీ అట్లే తేలింది.

ఆ పద్ధతి మీద నేను అప్పటికే కత్తి కట్టి ఉన్నాను. ఇంటర్ కర్నూలులో హాస్టల్లో ఉండి చదివాను. బైపీసీ. రిటైరైన హైస్కూలు మాస్టారు ఒకాయన అక్కడ నెలకు రెండు శనివారాలు చర్చాగోష్ఠి నడిపేవారు. వాస్తు ఎవరికి లాభం, ముహూర్తం చూసి చేసిన పెళ్ళిళ్ళు ఎందుకు విరుగుతాయి, అంటరానితనం పోయిందని చెప్పేవాళ్ళు ఎవరు, ఇట్లాంటి అంశాలు. ఆయన మాకు నేర్పింది ముఖ్యంగా ఒకటే. నీ వాదం నీకే నష్టం చేసే చోట కూడా దాని మీద నిలబడు, అట్లా నిలబడలేకపోతే అది వాదం కాదు, వాటం. ఆ మాట నేను నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. పోటీల్లో కప్పులు కూడా గెలుచుకున్నాను. ఇంక నన్ను ఓడించేవాళ్ళు లేరని అనుకున్నాను.

లాయరు కావాలన్నది పదో తరగతి నుంచీ నా కోరిక. మా ఊర్లో ఎవరికన్నా కోర్టు కాగితం వస్తే, దాన్ని పట్టుకుని కర్నూలు దాకా పోయేవాళ్ళు, అందులో ఏముందో తెలుసుకోవడానికే. ఆ ప్రయాణం తప్పించాలని నా పట్టు. ఇంటర్ కాగానే చేరే ఐదేళ్ళ లాలో సీటు రాలేదు. ఇక మిగిలింది డిగ్రీ చేసి మూడేళ్ళ లాకు పోవడం. లాకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏదైనా సరిపోతుందన్నప్పుడు ఏది చదవాలి?

నేను బి.ఏ. అన్నాను. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి. లాయరంటే మాట్లాడేవాళ్ళు, మాట్లాడడానికి సరుకు అక్కడే దొరుకుతుంది. నాయన బీఎస్సీ అన్నాడు, బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉండే బీజెడ్సీ గ్రూపు. లా కుదరకపోతే బి.ఇడి. చేసి టీచరు కావచ్చునని ఆయన లెక్క. పది దినాలు ఇద్దరం తగువులాడాం. చివరికి నాయన, "మనిద్దరికీ కుదరకపోతే ఆయన్నే అడుగుదాంలే," అన్నాడు.

"దేవునికి బీజెడ్సీ అంటే తెలుసా నాయనా?"

"నీకు తెలిసింది ఆయనకు తెల్దా?"

"చీటీలు వద్దు. నేను ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకునేదేముండాది? నేను ఏస్తాండా."

వేశాడు. కర్నూలులో బి.ఏ. అని ఒకటి, కర్నూలులో బీఎస్సీ అని ఒకటి. నేను చర్చి బయట, ఎండలో, కావాలనే నిలబడ్డాను. అమ్మ బయటికొచ్చి మెల్లగా చెప్పింది, "బి.ఏ. వచ్చింది."

ఆ దినం నా హేతువాదం సెలవు పెట్టింది. నేను ఒక్క మాటా అనలేదు. ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. నాయన మాత్రం ఆ సాయంత్రమే నా దగ్గరకొచ్చి, బి.ఏ. అప్లికేషన్లు ఎప్పుడిస్తారో కనుక్కున్నాడు. ఇంట్లో ఒక టీచరమ్మ ఉండాలని ఎన్నేళ్ళుగానో కోరుకున్న మనిషి. ఆ కోరికను సంచిలో వేసి పోగొట్టుకున్నాడు. గొంతులో మాత్రం తేడా లేదు.

అప్లికేషన్లకు ఇంకా రెండు వారాలుంది. కడపలో ఉన్న మా అత్తను, అంటే నాయన చెల్లెల్ని, చూసి రమ్మని అమ్మ పంపింది. అత్త అక్కడ ఒక కోర్టులో అటెండరు. మామ పోయినాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. పదో తరగతి తప్పిన మనిషి. కోర్టు హాలు తలుపు దగ్గర నిలబడి, కేసు వచ్చినప్పుడు పేరు మూడుసార్లు పిలవడం ఆమె పని. పన్నెండేళ్ళుగా ఆ తలుపు దగ్గరే ఉంది. వచ్చే పోయే లాయర్లందరినీ అక్కడినుంచే చూసింది.

నంద్యాల మీదుగా బస్సులు మారి నేను చేరేసరికి, అత్త వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉంది.

"ఏం పాపా, లాయరమ్మవైతాండావంట?"

"అయితా అత్తా. బి.ఏ. వచ్చింది."

"వచ్చిందా? యాడనుంచి వచ్చింది?"

"చీటీలో."

అత్త చేట కింద పెట్టింది. "చీటీలు మూఢనమ్మకమని పోయిన క్రిస్మస్‌కు నా చెవులు తినింది నువ్వే కదా?"

"మూఢనమ్మకమే."

"మరి బీఎస్సీ వచ్చింటే ఏమంటాంటివి?"

నేను చెప్పులు విప్పుతూ ఆలస్యం చేశాను.

"చెప్పుమే. శానా సులువైన ప్రశ్నే అడిగినా."

"ఒప్పుకోనంటాంటి."

"అట్ల చెప్పు. నీ వైపు పడింది కాబట్టి అప్పటికప్పుడే దేవుడు మంచోడైనాడు." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "మా అన్నే నయం. నమ్మినాడు, ఎదురు పడింది, తల వంచినాడు. నువ్వు నమ్మనూ లేదు, వదలనూ లేదు."

గోష్ఠిలో నా వాదాన్ని అంత తక్కువ మాటల్లో ఎవరూ కొట్టలేదు. నేనూ చేటలో చెయ్యి పెట్టి వడ్లు ఏరసాగాను. అత్త ఇంకా వదల్లేదు.

"బి.ఏ.నే ఎందుకంటావు?"

"లాయరంటే బాగా మాట్లాడాల కదా."

"ఎవురు చెప్పినారు? కోర్టు లోపల ఎప్పుడన్నా కూర్చున్నావా?"

లేదు. చట్టం గురించి రెండు పోటీల్లో ఉపన్యాసం ఇచ్చాను కానీ, కోర్టు గడప తొక్కలేదు. రుజువు చూపించండి, రుజువు చూపించండి అని ఊరందరి మీదా లేచిన దాన్ని, నా బతుకు నిర్ణయానికి ఒక్క రుజువూ వెతుక్కోలేదు.

"రేపట్నుంచి నాతో రా," అంది అత్త. "కోర్టు తలుపు అందరికీ తెరిచే ఉంటాది. వెనక బెంచీలో కూర్చో. నువ్వు మాత్రం నోరు తెరవద్దు. ఇంకో మాట. లాయరు నోరు చూడొద్దు. టైపు చప్పుడు విను. లాయరు అడిగినదానికి సాక్షి చెప్పింది జడ్జి సారు రాయిస్తేనే అది మాట. లేకుంటే గాలే."

మొదటి రెండు దినాలు నాకు ఒక లాయరు మీద గొప్ప గురి కుదిరింది. నిండు గొంతు. చెయ్యి ఎత్తితే హాలంతా అటు తిరిగేది. రైతు కన్నీళ్ళు, ధర్మం, న్యాయదేవత, ఏ మాటకు ఏ మాట అతకాలో ఆయనకు బాగా తెలుసు. ఇట్లా కావాలి నేను, అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తింటూ అత్త అడిగింది, "ఆ సారు మాట్లాడినంతసేపూ టైపు చప్పుడు ఎన్నిసార్లు ఇన్యావు?"

గుర్తు చేసుకున్నాను. ఒక్కసారీ వినలేదు.

మూడో దినం బత్తాయి చెట్లు నరికిన కేసు వచ్చింది. అత్త తలుపు దగ్గర సాక్షి పేరు పిలిచింది. నలభై ఏళ్ళ రైతు బోనెక్కాడు. ముద్దాయి గొడ్డలితో చెట్ల మొదళ్ళు నరుకుతుండగా కళ్ళారా చూశానన్నాడు. ముద్దాయి తరఫున ఒక లాయరమ్మ లేచింది. పొట్టి మనిషి, ముతక నేత చీర, సన్నటి గొంతు. ఆమె అడుగుతుంటే పక్కింటామె యోగక్షేమాలు అడుగుతున్నట్టుంది.

"ఆ పొద్దు మీరు యాడ నిలబడిండిరి?"

"బోరు కాడ మేడం."

"బోరుకూ బత్తాయి తోటకూ మధ్యలో ఏముండాది?"

"జొన్న చేను."

"ఎవురిది?"

"నాదే."

"జొన్న ఆ దినానికి ఎంత ఎత్తుండె?"

అతని ముఖం వికసించింది. చెయ్యి తల మీదికి ఎత్తి చూపించాడు. "ఈ మారు బాగొచ్చిండె మేడం. నా నెత్తి దాటిండె."

జడ్జి రాయించారు. టైపు టకటకలాడింది. "అంతే సార్," అని లాయరమ్మ కూర్చుంది. నెత్తి దాటిన జొన్న వెనకనుంచి చెట్టు మొదలు ఎవరికీ కనపడదని నాకు అర్థమయ్యేసరికి అత్త తరువాతి కేసు పిలుస్తూ ఉంది. సాక్షిని ఆమె గద్దించలేదు. అబద్ధాలకోరు అనలేదు. అతను తన పంట గురించి సంతోషంగా చెప్పుకున్న మాటతోనే పని ముగించింది. నేను వాదనంటే అవతలివాళ్ళ నోరు మూయించడం అనుకుంటూ వచ్చాను. ఈమె అవతలి మనిషి నోరు తెరిపించింది.

టీ వేళకు అత్త నన్ను ఆమె దగ్గరికి తీసుకుపోయింది. "మా అన్న కూతురు మేడం. లాయరు కావాలంటాది. ఒక మాట అడుగుతాదంట."

డిగ్రీలో ఏం చదివారని అడిగాను. రాజనీతి అంటుందేమో అనుకున్నాను.

"బాటనీ," అంది. నా ముఖం చూసి నవ్వింది. "మా సారు నా ప్రాక్టికల్ రికార్డు మూడుసార్లు చించినాడు. నీకు తెలిసింది గీసినావు, కనపడింది గీయలేదు అనేవాడు. అప్పుడు తిట్టుకున్నా. ఈ హాల్లోకి వచ్చినాక దండం పెట్టుకున్నా."

"అంటే లాయరు కావాలంటే బాటనీ చదవాలా మేడం?"

"నేనట్ల చెప్పలేదు పాపా. నువ్వు అట్ల విన్యావు," అంది. "అందరినీ అడుగు."

ఆ మాట నాకు బాగా తగిలింది. ఒక్క లాయరమ్మను చూసి గ్రూపు ఎంచుకుంటే అది కూడా చీటీ తీయడమే. అందుకే మిగిలిన దినాలు అత్త పక్కన వరండాలో నిలబడి, తీరికగా దొరికిన లాయరునల్లా అడిగాను. ఒకాయన బి.కామ్. ఒకాయన లెక్కలు. రాజనీతి చదివి చక్కగా పని చేసే ఇద్దరున్నారు. "మా అత్తగారింట్లో డిగ్రీ ఉండే పిల్ల కావాలన్నారు, ఏ డిగ్రీ అని ఎవురూ అడగలేదు," అని ఒకామె నవ్వించింది. ఏ గ్రూపూ లాయర్లను తయారు చేయడం లేదు. కానీ మంచి పనివాళ్ళు అని అత్త నాకు చూపించిన వాళ్ళందరూ, గ్రూపు పేరు చెప్పినాక, అడగకుండానే ఒక మనిషి గురించి చెప్పారు. తప్పు చూపించి, మళ్ళీ చేయించిన లెక్చరరు ఒకరు. నేను గ్రూపులను పోల్చుకుంటూ కూర్చున్నాను. పోల్చుకోవాల్సింది చదువు చెప్పే మనుషులను.

రికార్డు చించిన సారు అదే ఊరి డిగ్రీ కాలేజీలో ఇంకా పని చేస్తున్నాడు, రిటైరు కావడానికి నాలుగేళ్ళుంది. శనివారం అత్త సగం దినం సెలవు పెట్టి నన్ను అక్కడికి తీసుకుపోయింది. ల్యాబులో ఆయన ఒక్కడే సీసాలకు లేబుళ్ళు అంటిస్తున్నాడు. నేను చేరాలో వద్దో చూసుకోవడానికి వచ్చానని చెప్తే ఆయనకు కోపం రాలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఒక కాండం ముక్క పెట్టి, గీయమన్నాడు.

నాకు అది తెలిసిందే. ఇంటర్లో నూటికి నూరు తెచ్చుకున్న బొమ్మ. గుండ్రంగా, వరుసలు వరుసలుగా, నీడలు వేసి గీసి ఇచ్చాను.

ఆయన కాగితం చూశాడు, మైక్రోస్కోపులోకి చూశాడు. "ఎడమ పక్క చినిగిపోయిండాది కదా ఈ ముక్క. నీ బొమ్మలో యాడుంది ఆ చినుగు?"

మళ్ళీ చూశాను. చినిగే ఉంది. పెద్ద చినుగు. నా కంటి ముందే ఉన్నా నేను చూడలేదు, పుస్తకంలో లేదు కాబట్టి. కళ్ళతో చూడకుండా గ్రంథాన్ని నమ్మేవాళ్ళను ఎన్ని సభల్లో ఎగతాళి చేశాను నేను! ఆయన కాగితం చించలేదు. వెనక్కి తిప్పి ఇచ్చి, "ఇంకోసారి," అన్నాడు. ఆ క్షణంలోనే నేను తేల్చుకున్నాను. కడప, ఈ కాలేజీ, ఈ సారు దగ్గర బీజెడ్సీ.

ఆదివారం బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాయనకు ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను. ఆయన కోరుకున్న బీఎస్సీకే నేను వచ్చాను. కానీ చీటీ పడిపోయింది. సంఘం ముందు మాట ఇచ్చేశాడు. మైదుకూరు దాటేలోపు నాకు ఒక ఉపాయం తట్టింది. లాయరమ్మను చూసి నేర్చుకున్నదే.

మరుసటి పొద్దున నాయన చేలో రాళ్ళు ఏరి గట్టుకు వేస్తున్నాడు. నేనూ వంగి ఏరుతూ మొదలుపెట్టాను.

"నాయనా, సంచిలో ఎన్ని చీటీలు ఏసినారు?"

"రెండు."

"రెండూ కర్నూలువేనా?"

"కర్నూలువే. నీకు తెల్దా?"

"కడప చీటీ ఏసినారా?"

"లే."

"అంటే కడప గురించి దేవుని ఎవురూ అడగలేదు."

నాయన నడుం ఎత్తాడు. చేతిలో రాయి అట్లే ఉంది. "బాగా అడిగినావు," అన్నాడు. "ఇది నువ్వు నమ్మి చెప్తాండావా, నేను నమ్ముతానని చెప్తాండావా?"

దొంగతనం పట్టుబడినట్టయింది. అప్పుడు అంతా చెప్పాను. చీటీని నమ్మనని, అయినా నా వైపు పడిందని నోరు మూసుకున్నానని, అత్త ఏమందో, సాక్షి జొన్న ఎత్తు ఎట్లా చూపించాడో, నా బొమ్మలో లేని చినుగు, అన్నీ చెప్పాను. నాయన గట్టు మీద కూర్చుని విన్నాడు.

"ఇప్పుడు బీఎస్సీ అంటాండావు. నాకు కావాల్సిందే," అన్నాడు. "కావాల్సింది దొరికింది కదా అని తలకాయ ఊపితే, నువ్వు చేసిన పనే నేనూ చేసినట్టైతాది. ఆదివారం దాకా ఉండు."

ఆదివారం ఆరాధన ముగిసినాక నాయన లేచి ముందుకు పోయాడు. నేను ఈసారి లోపలే ఉన్నాను. ఆయనకు ఉపన్యాసాలు రావు. సంచి కట్టెను రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తూ మాట్లాడాడు.

"మా పాప చదువు మీద చీటీ ఏసినాము. పాప వద్దనింది. నేను ఇనకుండా ఏసినా. ఇంట్లో అడగాల్సిన మనిషిని అడగకుండా ఈడికొచ్చి దేవుని అడిగినా. అది నా తప్పు. చీటీ దాటుతాండా. పద్ధతి ప్రకారం సంచి ఇంకొకరికి ఇయ్యండి."

పెద్దల వరుసలోంచి ఒకాయన, "ఏమప్పా, దేవుని మాట కంటే కూతురి మాట పెద్దదైపోయిందా?" అన్నాడు.

"పెద్దదో చిన్నదో, ఇంతవరకు ఇన్లేదప్పా. ఇని చెప్తా," అన్నాడు నాయన.

చీటీ తీసిన ముసలామె చాపమీంచి, "తీసిన చెయ్యి నాది. నన్నేమన్నా అంటారా మళ్ళీ?" అని అడిగింది. అందరూ నవ్వారు. నవ్వుల మధ్యనే నాయన కట్టెను పక్కాయన చేతికిచ్చి, వచ్చి మగవాళ్ళ వెనక వరుసలో కూర్చున్నాడు.

నేను ఇప్పుడు కర్నూలులో వకాలతు చేస్తున్నాను. మూఢనమ్మకాల మీద రాస్తున్నాను, మాట్లాడుతున్నాను. చీటీల పద్ధతి తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ ఒక విషయం దాచిపెడితే అది పిరికితనం. మా మాస్టారు చెప్పినట్టు, తన మాట తనకే నష్టం చేసే చోట నిలబడిన మనిషిని నేను మొట్టమొదట చూసింది ఏ చర్చాగోష్ఠిలోనూ కాదు. మా ఊరి చర్చిలో చూశాను. ఆయన విశ్వాసి. ఆయన నమ్మకం నాది కాదు. ఆ వెన్నెముక నాకుంటే చాలునని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

నాయన సంచి వదిలిన మరుసటి వారం ఇద్దరం కడప పోయాం. నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. అప్లికేషన్ మీద సంతకం పెట్టే ముందు ఆ సారును చూడాలన్నాడు. ల్యాబు గడపలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"మా పాప లాయరు కావాలంటాది సార్. ఈ చెట్లూ చేమలూ చదివితే అయితాదా?"

"అది నేను చెప్పలేనప్పా," అన్నాడు సారు. "కనపడింది కనపడినట్టు చెప్పేది నేర్పుతా. లాయరు అయ్యేది ఆ పాప పని."

నాయన నావైపు చూశాడు. అయితాది అని సారు మాట ఇవ్వలేదని నాకు కొంచెం దిగులుగా ఉండింది. నాయనకు లేదు.

"ఈయన దగ్గర చేరుమ్మా," అని, పెన్ను అడిగి తీసుకున్నాడు.